కుడివైపు బల్ల

తెల్లారగానే కూర్మారావు లారీ వజ్రపుకొత్తూరు నడిబొడ్డున ఆగి, కొబ్బరికాయల బస్తాలతో పాటు మనుషుల్నీ ఎక్కించుకునేది. వెనకాల రెండు పొడుగు బల్లలు, ఎడమన ఒకటి, కుడిన ఒకటి. ఎవరు ఏ బల్లమీద కూర్చోవాలో ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. తొందర ఉన్నవాళ్ళు ఎడమవైపు, లేనివాళ్ళు కుడివైపు. చేపలమ్మే కాసులమ్మ ఎడమ బల్లమీద మొదటి చోటు ఇంకొకరికి ఇచ్చిన రోజు లేదు. టెక్కలిలో అన్నగారింటికి చీవాట్లు తినడానికి వెళ్ళే వైకుంఠరావు మాత్రం కుడి బల్లమీద చిట్టచివరి చోటు వెతుక్కునేవాడు.

ఆ లారీలో ఎడమవైపు వాళ్ళు ముందు చేరతారు. టెక్కలి సంత దగ్గర బండి ఆగగానే కాసులమ్మ గంప దింపుకుని చక్కా పోయేది. కుడివైపు వాళ్ళు బల్లమీద కనిపిస్తూనే ఉండేవారు కానీ పిలిస్తే పలికేవారు కాదు. వాళ్ళింకా దారి మధ్యలో నందిగాం దగ్గరే ఉన్నారన్నమాట. ఆగిన లారీలో కూర్చుని కూడా కుదుపులకు అటూ ఇటూ ఊగేవారు. ఆకు కదలని ఎండలో కూడా వాళ్ళ జుట్టు గాలికి ఎగురుతూ ఉండేది. అలాంటప్పుడు వాళ్ళని కదపకూడదు. కదిపితే మనిషి దారిలోనే దిగిపోతాడని భయం. పక్కన కూర్చుని ఓ చుట్ట కాల్చుకుంటే, అది అయ్యేసరికి వాళ్ళ జుట్టు అణిగేది. "టెక్కలొచ్చీసిందేటి?" అంటూ ఒళ్ళు విరుచుకుని దిగేవారు.

మరి లారీ తోలేవాడి సీటు కూడా కుడివైపే కదా. పాపం, కూర్మారావు ఖర్మ అది. సాయంత్రం లారీ ఇంటిముందు ఆగేది, స్టీరింగు పట్టుకుని అతనూ కనిపించేవాడు, రావడం మాత్రం ఒక చుట్ట ఆలస్యం. పదకొండేళ్ళుగా అతను వేడన్నం తిన్న పాపాన పోలేదు. వాళ్ళయ్య ఆఖరి ఘడియల్లో "కూర్మడొచ్చినాడా?" అని అడిగితే, కిటికీలోంచి లారీని చూపించి "అదిగో, ఉన్నాడు" అన్నారు. ఉన్నాడు, రాలేదు. వచ్చేసరికి ముసలాయన వెళ్ళిపోయాడు. కూతురు కామాక్షి పెళ్ళిలోనూ అంతే. పందిరి పక్కనే లారీలో కూర్మారావు ఊగుతూ ఉండగా, ముహూర్తం దాటిపోతోందని మేనమామ సోములు అల్లుడి కాళ్ళు కడిగేశాడు.

ఇప్పుడా కామాక్షి మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆ పిల్ల నెమ్మదస్తురాలు, ఎన్నడూ ఏదీ అడగలేదు. ఓ రోజు తండ్రికి చల్లారిన అన్నం వడ్డిస్తూ అడిగింది.

"అయ్యా, నా పెల్లికి నువ్వు లేవు. నా పిల్లొచ్చే యేళకైనా ఉంటావేటి?"

కూర్మారావు ముద్ద కంచంలో పెట్టేసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడే పలాస వెళ్ళి బర్నబాని బతిమాలి తీసుకొచ్చాడు. ఆదివారం మిషను గుడిలో హార్మోనియం వాయించే బర్నబా, తక్కిన ఆరు రోజులూ బళ్ళు బాగుచేసేవాడు. వస్తూనే లారీ కిందకి దూరి, బయటికొచ్చి, నెత్తి కొట్టుకున్నాడు.

"ఎనకిరుసు మజ్జిన గుమ్మడికాయంత గుండుంది సూడు మావా. మలుపు తిరిగినప్పుడు బయటి సక్రం ఎక్కువ తిరగాల, లోపలిది తక్కువ తిరగాల. ఆ తేడా సర్దడమే దాని పని. బండి కొన్నకాడినుంచి అందులో నూని మార్సినావా?"

"మార్సాలని ఎవులు సెప్పినారు?"

"అదే మరి. సర్దలేక తేడా అంతా కడుపులో దాసీసుకుంది. పదకొండేళ్ళ తేడా!"

ఈ సంగతి తెలిసి కాసులమ్మ గంపతో సహా వచ్చి వాకిట్లో చతికిలబడింది.

"నూని మార్సితే నా సేపలో?"

"అందరితో పాటే సేరతాయి" అన్నాడు బర్నబా.

"అదేటి న్యాయం!" అని ఆమె చాలాసేపు ఎవరినో తిట్టింది. ఎవరినో ఎవరికీ అర్థం కాలేదు.

నూనె పలచబడాలని ముందు లారీని సముద్రం ఒడ్డున సరుగుడు తోట దాకా ఓసారి తిప్పి ఇంటికి తోలుకొచ్చారు. వాకిట్లో ఇరుసు కింద దుంగలు పెట్టి నిలబెట్టారు. బర్నబా మొదట గుండుకి పైనున్న మర ఊడుతుందో లేదో చూసుకున్నాడు. కిందిది తీసేసి ఉన్నది కాస్తా పారబోశాక పైది బిగుసుకుపోయిందంటే, కొత్త నూనె పోసే దారి ఉండదట. ఆ తరవాత కింది మర వదులు చేశాడు. బెల్లంపాకంలా నల్లటి నూనె తీగలు సాగుతూ డబ్బాలోకి దిగింది. కూర్మారావు ఆత్రం ఆపుకోలేక చేతులు పెట్టేశాడు. మోచేతుల దాకా నలుపే.

సరిగ్గా అప్పుడే లోపలినుంచి అతని భార్య పైడితల్లి కేక వేసింది. నొప్పులు మొదలయ్యాయి. చెప్పిన రోజుకి ఇంకా రెండు వారాలుంది. మంత్రసాని బొడ్డమ్మ పరుగున వచ్చి పురిటిగది తలుపు వేసుకుంది.

కూర్మారావుకి భయం వేసింది, దాని వెనకాలే సంతోషమూ వేసింది. లారీ దుంగలమీద ఉంది. చక్రాలు తిరగడం లేదు. తను మొత్తంగా, నిఖార్సుగా, ఇంటి వాకిట్లో ఉన్నాడు. కిరసనాయిలుతో గుండు కడుగుతున్నా, కొత్త నూనె పైకి పొర్లేదాకా పోస్తున్నా, మర బిగిస్తున్నా అతని చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి.

బిడ్డ ఏడుపు వినపడలేదు. ఎంతసేపటికీ వినపడలేదు. చివరికి బొడ్డమ్మ తలుపు తీసింది.

"ఆడపిల్ల బాబూ. నాను సేయాల్సినవన్నీ సేసినాను. ఊపిరి రాలేదు."

లోపల పైడితల్లి గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కామాక్షి గోడవైపు తిరిగి పడుకుంది. మగాళ్ళు రాకూడని గదిలోకి కూర్మారావు వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. చేటలో పాతచీర ముక్కమీద బిడ్డ కదలకుండా ఉంది. తీసుకెళ్ళడానికి బొడ్డమ్మ వంగింది.

"ఉండత్తా!" అన్నాడు కూర్మారావు.

కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. దీపం వత్తి నిటారుగా వెలుగుతోంది, రవ్వంత కూడా కదలడం లేదు. బిడ్డ చెవి దగ్గర జుట్టు మాత్రం ఎగురుతోంది. ఎదురుగాలిలో పోతున్నట్టు ఎగురుతోంది.

"పోలేదర్రా. ఇంకా రాలేదంతే. దారిలో ఉంది. ఎవులూ కదపకండి."

బొడ్డమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. ఎప్పుడో ఒకప్పుడు కుడి బల్లమీద కూర్చోనివాళ్ళు ఆ గదిలో లేరు. బొడ్డమ్మ గడప అవతల కూర్చుని చుట్ట వెలిగించింది. కామాక్షి మెల్లిగా ఇటు తిరిగింది.

కూర్మారావు చేట పక్కన కూర్చున్నాడు. లారీలోంచి తను వచ్చిన ప్రతి సాయంత్రం మొట్టమొదట కనపడేది మెట్టుమీద కూర్చున్న పైడితల్లి మొహమే. ఆమె అక్కడ ఎంతసేపు కూర్చుందో అతను ఎన్నడూ అడగలేదు. ఎదురుచూడటం ఇంత కష్టమని అతనికి ఆవేళే తెలిసింది, తెలిసి భార్య మొహం చూడలేక తల దించుకున్నాడు. చుట్ట సగమైంది. ముప్పాతికైంది. పైడితల్లి దేవుళ్ళందరినీ పిలుస్తోంది. వాకిట్లో బర్నబా మోకాళ్ళమీద ఉన్నాడు.

బొడ్డమ్మ చుట్టపీక నేలకి రాసింది. చెవి దగ్గర జుట్టు అణిగింది. బిడ్డ ఒక్క తుమ్ము తుమ్మి, ఊరంతా లేచేలా ఏడ్చింది.

కూర్మారావు ఆ నల్లటి చేతులతోనే బిడ్డని ఎత్తుకుని ఏడుస్తూ నవ్వాడు.

"వచ్చీసినావేటి తల్లీ? నానెప్పుడో వచ్చీసినాను."

బిడ్డ బుగ్గమీద అతని బొటనవేలంత నూనె మచ్చ పడింది. పైడితల్లి తుడవబోతే బొడ్డమ్మ వద్దంది, దిష్టిచుక్క ఎవరు పెడితేనేం అని.

మర్నాటినుంచి రెండు బల్లలూ ఒకేసారి టెక్కలి చేరాయి. కాసులమ్మ నెలరోజులు గొణిగింది. వైకుంఠరావు అన్నగారింటికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ మొదటిరోజు సాయంత్రం లారీ ఇంటిముందు ఆగగానే కూర్మారావు దిగి, కాళ్ళు కడుక్కుని, పీటమీద కూర్చుని, పొగలు కక్కే అన్నం తిని నాలిక కాల్చుకున్నాడు.