ఎడమ మూలన ఏముంది

"భయపడకండి. తలుపులు లాగొద్దు. లోపల ఎంతమంది ఉన్నారో చెప్పండి," అన్నాడతను ఫోనెత్తగానే, ఎప్పటి నెమ్మది గొంతుతోనే.

"నేను లిఫ్టులో లేనయ్యా. నువ్వు జట్టులో ఉన్నావని చెబుదామని చేశా," అంది అవతలి గొంతు.

ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా మోగేది అతని బల్లమీది ఫోనే. మెకానిక్కు చేరేదాకా లోపలివాళ్ళు గుండెలు బాదుకోకుండా మాటల్లో పెట్టడం అతని ఉద్యోగం. ఈసారి ఎవరూ ఇరుక్కోలేదు. ఫోను చేసింది వీధి చదరంగం సంఘం కార్యదర్శి, కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన. అతని సొంత నంబరు ఎక్కడో పారేసుకుని, ఎదురుగా లిఫ్టు తలుపు మీద కనిపించిన నంబరుకే కలిపాడట.

"ఆదివారం మీ మామను ఓడించావు కదా. బేకరీ మాస్టరును ఓడించినవాణ్ణి పెట్టకపోతే జట్టులో ఇంకెవర్ని పెడతాం? పక్క ఊరివాళ్ళతో ఆడాలి. ఔననో కాదనో రేపటికల్లా చెప్పు."

అతనికి ఒళ్ళు దూదిపింజె అయింది. కూర్చున్నది చక్రాల కుర్చీ కావడంతో బల్ల ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్క ఊపున జారాడు కూడా. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు.

"మామయ్య ఏమన్నారు?" అని అడిగాడు.

కార్యదర్శి నీళ్ళు నమిలాడు. "ఏదో అన్నాడులే. నీ చెవిన పడనివ్వొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అవన్నీ నీకెందుకు, నువ్వు హాయిగా ఆడుకో బాబూ."

బాబూ అనేసరికి అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈ పెద్దాయన ఎవరినీ బాబూ అనడు. సూది విరిగిన మిషను తెచ్చినవాణ్ణి మొహం మీదే గాడిదా అంటాడు. పాలకుండలో ఉప్పురాయి పడ్డట్టయింది అతనికి.

రెండేళ్ళ కిందట అతని కళ్ళలో నడిమి చూపు పోయింది. ఎవరి మొహంకేసి సూటిగా చూసినా ఆ మొహం ఉండాల్సిన చోట ఒక పొగమచ్చ కనబడుతుంది. చుట్టూ అంచులు మాత్రం మిగిలాయి. మొదట్లో గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే పోట్లాడాడు. తర్వాత శిక్షణ ఇచ్చినామె ఒక కిటుకు నేర్పింది. "చూడాలనుకున్నదాన్ని చూడకండి. దానికి కాస్త ఎడంగా చూడండి. అది తనంతట తానే పక్కనుంచి వస్తుంది." నిజంగానే వచ్చింది. చెట్టు వచ్చింది, బస్సు వచ్చింది, మూడు నెలల కిందట పెళ్ళికూతురూ వచ్చింది. భార్య మొహం చూడాలంటే అతను ఆమె వెనక గోడకున్న గడియారాన్ని చూడాలి. అప్పుడు ఆమె బుగ్గ, చెవిపోగు, నవ్వితే పడే సొట్ట కిటికీ అంచున వాలిన పిట్టలా కనిపిస్తాయి. "కొత్త పెళ్ళికొడుకువి, అప్పుడే పక్కచూపులా," అని ఆమె వేళాకోళం చేస్తుంది. అలా కళ్ళతో అతనికి రాజీ కుదిరింది.

కుదరనిది మనుషులతో. చూపు తగ్గినప్పటి నుంచి అతను ఏం చేసినా మెప్పే. టీ ఒలక్కుండా తాగితే మెప్పు, రోడ్డు దాటితే మెప్పు. బడిలో అతనికి ఎన్ని మార్కులొచ్చినా నోరు మెదపని పిన్ని, మొన్న అతను చెప్పులు సరైన కాళ్ళకు వేసుకున్నందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇలా అందరూ చప్పట్లు కొడుతుంటే, నిజంగా ఏదైనా సాధించిన రోజు మనిషికి తెలిసేదెలా?

ఇంటికి వెళ్ళే బస్సులో కూర్చుని ఆదివారం ఆటను మొదటి ఎత్తు నుంచీ తిరగేశాడు. పెద్ద పావులు, ఎత్తు వేసినప్పుడల్లా ఇద్దరూ పైకి చెప్పుకోవడం, అంతా బాగానే సాగింది. ఆ తర్వాతే వచ్చింది తిరకాసు. మామ తన ఏనుగును, గుర్రాన్ని, చివరికి మంత్రిని కూడా తీసుకొచ్చి అల్లుడికి ఎడమచేతివైపు మూలన కుప్పపోశాడు. అక్కడ ఏముందని? ఒక బంటు, అదీ ఎటూ కదల్లేని బంటు. కుడివైపున తన రాజును మాత్రం దిక్కులేనివాణ్ణి చేసి వదిలేశాడు. ఓనమాలు నేర్చినవాడెవడూ చెయ్యని పని అది. పైగా చివర్లో "ఆట నీదే" అన్నప్పుడు మామ గొంతు వణికింది. లిఫ్టులో ఒంటరిగా ఉన్నానని చెప్పేవాడి వెనక ఆడగొంతు దగ్గితే పోల్చుకోగలిగిన చెవులు అతనివి. ఆ వణుకు మామూలు వణుకు కాదు. ఆ వెంటనే లోపలి గదిలో తండ్రీకూతుళ్ళ గుసగుసలు. కూతురు కిసుక్కున నవ్వడం.

అంతా కలిసే చేశారు. తన సంతోషం కోసం అందరూ కలిసి ఆడిన నాటకం. కార్యదర్శితో సహా.

అతను ఇంట్లో అడుగుపెట్టేసరికి భార్య వసారాలో కుండీలకు మట్టి మారుస్తోంది. మొక్కలు అమ్మే తోటలోనే ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాకా అదే పని, అదే సరదా.

"నన్ను జట్టులోకి తీసుకున్నారు," అన్నాడు దిగాలుగా.

"అయ్యో, ఎంత కష్టమొచ్చిందీ," అంది ఆమె, మట్టిచేతులతోనే అతని మెడ చుట్టేసి. "మొహం అలా పెట్టావేం?"

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మీ నాన్న నాకు ఆట వదిలేశారు కదూ?"

"మా నాన్నా? చిన్నప్పుడు నన్ను ఓడించి, నేను ఏడుస్తుంటే 'ఏడుపు నీది, ఆట నాది' అన్న మనిషాయన. నీకెందుకు వదులుతాడు?"

"అప్పుడు నువ్వు కూతురివి. నేను అల్లుణ్ణి. పైగా..."

"ఊఁ, పైగా?"

అతను ఆ మాట మింగి, "మరి ఆట కాగానే లోపల గుసగుసలేమిటి? ఎందుకు నవ్వావు?" అన్నాడు.

ఆమె చేతులు అతని మెడ మీంచి జారాయి. "అది చెప్పను. నాన్నకు మాటిచ్చా. ఆయన పరువు సంగతి."

"ఆయన పరువా, నా పరువా?"

"చూడూ, కడుపులో నొప్పికి మందుంది కానీ అనుమానానికి లేదు."

"ఇప్పుడే కాదు, ఎప్పటి నుంచో ఉంది. నన్ను కూడా జాలిపడే చేసుకున్నావేమోనని..."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె మళ్ళీ కుండీ ముందు కూర్చుని మట్టి అదమసాగింది. ఏ గోడకేసి చూస్తే ఆమె మొహం కనిపిస్తుందో కూడా అతనికి తోచలేదు.

"జాలిపడితే ఒకపూట అన్నం పెట్టి పంపిస్తారు," అంది చివరికి. "గురకతో సహా మనిషిని ఇంట్లో పెట్టుకోరు. మళ్ళీ ఆ మాటంటే నిజంగానే పోట్లాడతా. పద, ఆయన్నే అడుగు. నేనూ వస్తా."

బేకరీ వెనక గదిలో మామ పిండి మర్దిస్తున్నాడు. పొయ్యి వేడి గుమ్మం దాకా కొడుతోంది. గోడవారగా చదరంగం బల్ల ఉంది. ఏళ్ళ తరబడి ఆయన పిండిచేతులు తగిలి నల్లపావుల తలలు నెరిసిపోయాయి.

"రా అల్లుడూ. ఏమ్మా, ఈ వేళప్పుడు వచ్చారేం?"

అతను కూర్చోలేదు. "మామయ్యా, ఆదివారం మీరు కావాలనే ఓడిపోయారా?"

పిండి మీద చేతుల చప్పుడు ఆగింది. "ఎవడన్నాడా మాట?"

"ఎవరూ అనలేదు. కార్యదర్శిగారికి నాకు చెప్పొద్దని ఏదో చెప్పారు. మీ అమ్మాయి దగ్గర మాట తీసుకున్నారు. 'ఆట నీదే' అన్నప్పుడు మీ గొంతు వణికింది. జాలిపడి వదిలేశారంటే ఇప్పుడే చెప్పండి. నేనేమీ అనుకోను. జట్టులోకి రానని చెప్పేస్తా."

"వణకదూ మరి? ఈ వీధిలో ముప్ఫై ఏళ్ళ పేరు నాది. పెళ్ళయి నాలుగు రోజులు కాలేదు, నువ్వొచ్చి గంగలో కలిపేశావు. ఆ క్షణంలో ఏనుగును నీ నెత్తికేసి కొడదామనుకున్నా. కూతురు ఎదురుగా ఉందని ఆగా. వణికింది గొంతొక్కటే అనుకున్నావా?" మామ పిండిముద్దను బల్లకేసి బాదాడు. "జాలి చూపించాలంటే బోలెడు రొట్టెలున్నాయి నా దగ్గర. ఆట ఎందుకిస్తానయ్యా?"

"అయితే పావులన్నీ నా ఎడమ మూలకు ఎందుకు తోలారు? అక్కడ ఏమీ లేదు కదా."

"అదే నేనూ అడుగుతున్నా. ఏమీ లేనప్పుడు ఆటంతా ఆ మూలకేసే గుడ్లప్పగించి ఎందుకు చూశావు?"

పొయ్యిలో ఏదో చిటపటమంది.

"నాన్నా, నువ్వే చెప్పెయ్. నా వల్ల కాదు," అంది కూతురు, నవ్వు ఆపుకుంటూ.

మామ చేతులు దులుపుకున్నాడు. పిండి పొగలా లేచింది. "నేను బోర్డు చూసి ఆడను అల్లుడూ," అన్నాడు నేరం ఒప్పుకుంటున్నట్టు. "ఎదుటివాడి కళ్ళు చూసి ఆడతా. ఎత్తు వేసేముందు ఎవడైనా అటు ఒకసారి చూడక మానడు. వాడు చూసిన చోటికి నేను ముందే వెళ్ళి కూర్చుంటా. ఇన్నేళ్ళ నా గొప్పంతా అదే. నువ్వేమో ఎడమ మూల వదలకుండా చూస్తున్నావు. ఓహో, ఏదో పెద్ద ఎత్తే వేశాడనుకున్నా. ఏనుగును పంపా. అయినా అటే చూస్తున్నావు. గుర్రాన్ని పంపా. అంతలో కుడివైపు నుంచి వచ్చి పీక పట్టుకున్నావు."

"కుడివైపు చూడాలంటే నేను ఎడమకు చూడాలి మామయ్యా. నా చూపంతే."

"తెలుసు. ఆట అయ్యాక అమ్మాయి చెప్పింది. అది ముందే చెప్పొద్దూ?"

"మీరు కళ్ళు చూసి ఆడతారని మీరు చెప్పారా?"

మామ మళ్ళీ పిండిముద్ద అందుకున్నాడు. అతనికి నవ్వు గొంతు దాకా వచ్చింది, కానీ అనుమానం దాన్ని అక్కడే పట్టుకుంది. ఇంత చక్కగా అతికిన కథ! అతికించి చెప్పినవే ఇలా ఉంటాయి. రోజూ బల్ల దగ్గర వింటూనే ఉన్నాడు.

"కార్యదర్శిగారికి ఏం చెప్పారు మరి?"

ఈసారి మామ పూర్తిగా అటు తిరిగిపోయి రొట్టెల అచ్చులకు నూనె రాయసాగాడు. కూతురే చెప్పింది. "నీ మీద ఫిర్యాదు చేశాడు. అల్లుడు దొంగచూపులు చూసి గెలిచాడు, ఆ ఆట చెల్లదు, మళ్ళీ ఆడించాలి అని. ఎటు చూడాలో చెప్పే నియమం మా సంఘంలో లేదు పొమ్మన్నాడాయన. అల్లుడి మీద ఫిర్యాదు చేశానని తెలిస్తే తలెత్తుకోలేనని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు."

"మొన్ననే కాదు, నిన్న కూడా వెళ్ళి అడిగా," అన్నాడు మామ అటు తిరిగే. "ఏం, తప్పా?"

ఆ ఉడుకుమోతు గొంతులో జాలి కోసం అతను చాలాసేపు వెతికాడు. రవ్వంతైనా దొరకలేదు. కళ్ళు పాడయ్యాక అతని మీద ఎవరైనా ఫిర్యాదు చేయడం ఇదే మొదలు. దొంగచూపులట! లోపల ఇరుక్కున్నదేదో కదిలి కిందికి దిగినట్టయింది. అతను బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. భార్య వచ్చి భుజానికి ఆనుకుంది.

"ఇందాకటి మాట," అన్నాడు ఆమెకు మాత్రం వినిపించేలా, "తప్పే."

"ఊఁ. ఇంటికెళ్ళాక చూసుకుందాం."

"అక్కడ గుసగుసలేంటి?" అన్నాడు మామ. "నవ్వడం కాదు, దమ్ముంటే రేపు మళ్ళీ ఆడు. నల్లద్దాలు పెట్టుకుని రా."

"నల్లద్దాలు పెడితే ఉన్న చూపు కూడా పోతుంది. కుదరదు."

"అయితే కళ్ళు మూసుకుని ఆడు."

"మీరే మూసుకోండి. నావైపు చూడకుండా ఒక్క ఆట ఆడి చూపించండి, మీ ముప్ఫై ఏళ్ళ పేరెంతో తేలిపోతుంది."

"ఇద్దరూ ఆగండి," అంది ఆమె. గోడకు చేరేసిన పెద్ద రొట్టెల పళ్ళెం ఒకటి తీసుకొచ్చి, బల్లకు అటూ ఇటూ రెండు పిండిడబ్బాలు పెట్టి, వాటిమీద అడ్డంగా నిలబెట్టింది. కింద బోర్డు ఇద్దరికీ కనబడుతోంది. పైన మామకు అల్లుడి మొహం లేదు, అల్లుడికి మామ మొహం లేదు.

పళ్ళెం అవతలి నుంచి మామ గొంతు కాస్త కంగారుగా వినిపించింది. "ఇలాగైతే బోర్డు చూడాలి కదమ్మా."

"అందరూ అదే చూస్తారు నాన్నా."

అతను అప్పటికే ఫోను తీసి కార్యదర్శికి కలిపాడు. "జట్టులోకి వస్తున్నానండీ. మా మామగారి ఫిర్యాదు సంగతి కూడా తెలిసిపోయింది. రేపు సాయంత్రం బేకరీకి వచ్చి మీరే తగువు తీర్చండి. రెండో వాయి రొట్టెలు పొయ్యిలోకి వెళ్ళగానే ఆట మొదలుపెడతాం."