ముందు బరువు

ట్రక్కు వెనక కట్టిన ట్రెయిలరు తోక ఆడించడం మొదలుపెడితే ముందుగా తెలిసేది వెనక వస్తున్నవాడికి. నడిపేవాళ్ళకు తెలిసేసరికి సగం పని అయిపోతుంది. అందుకే మాలో అనుభవం ఉన్నవాడు ఎప్పుడూ వెనక వస్తాడు. ఆ అక్టోబరు ఉదయం వెనక ఉన్నది నేను. ముందు నడుపుతున్నది నా చెల్లెలు నెడ్రా.

కాస్పర్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ట్రక్కులకు ట్రెయిలర్లు తగిలించే కొక్కేలు బిగించి బతికినవాణ్ణి. చలి మొదలైందంటే వయోమింగులో మా వయసువాళ్ళం ఇల్లులాంటి ట్రెయిలరు వెనకాల కట్టుకుని అరిజోనా ఎడారికి దిగిపోతాం. ఆ ఏడు నెడ్రా, ఆమె మొగుడు లమార్ కూడా ముప్పై అడుగుల ట్రెయిలరు కొని నాతో బయల్దేరారు. లమార్‌కు కంటి ఆపరేషన్ అయి నెల కాలేదు. స్టీరింగు నెడ్రా చేతికి వచ్చింది.

వాళ్ళ ట్రెయిలరు తూకం నేనే చూసి పెట్టాను. లమార్ వెనక అరనిండా కట్టెలు కుక్కాడు.

"అరిజోనాలో కట్టెలు దొరకవా, లమార్ బావా?" అన్నాను.

"దొరుకుతాయి. మన కట్టెల వాసనే రాదు," అన్నాడు.

"ఆయన్ని వదిలెయ్ అన్నయ్యా. నువ్వు సరేనంటే చాలు, నేను నడుపుతా," అంది నెడ్రా.

కొక్కెం మీద పడే బరువు తూచాను. మొత్తం బరువులో ఎనిమిదో వంతు. ముందు బరువుంటే బండి బుద్ధిగా వెంట వస్తుంది. వెనక బరువైతే అదే మనల్ని ఎటు పడితే అటు ఈడుస్తుంది. సరిపోయింది అన్నాను. ఆమె రెండో మాట అడగలేదు. నేను సైకిలు నేర్పినప్పుడూ అడగలేదు, అరవై రెండేళ్ళు వచ్చినా అడగదు. ఆ నమ్మకం చూసి నాకు లోలోపల గర్వంగా ఉండేది, దాచుకోవడమెందుకు.

మొదటి రాత్రి గ్రీన్ రివర్ దగ్గర ఆగాం. నీళ్ళు గడ్డకట్టే చలి పడుతుందన్నారు. "మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ చేసెయ్యి, పైపులు పగిలిపోతాయి," అన్నాను. నెడ్రా వెంటనే మర తిప్పింది. మంచి సలహానే. మా ఊళ్ళో పసిపిల్లలు కూడా చెప్పే సలహా.

పొద్దున ఎవాన్‌స్టన్ వైపు సాగాం. ముగ్గురక్కలని పిలిచే మూడు కొండలు అక్కడ వరసగా ఉంటాయి. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. దారి పక్క బోర్డు మీద గాలి గంటకు అరవై మైళ్ళని వెలుగుతోంది. మొదటి దిగుడు కింద పెద్ద లారీ ఒకటి గుంటలో పక్కకి పడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. తలుపుకు పోలీసులు పసుపు రిబ్బను కట్టి పోయారు. గాలికి ఆ రిబ్బను చివర్లు టపటపా కొట్టుకుంటున్నాయి.

"చూశావా అన్నయ్యా?" వాకీటాకీలో నెడ్రా గొంతు.

"చూశా. యాభై దాటకు."

"నలభై ఎనిమిదిలో ఉన్నా. కానీ బండి వెనక తేలిగ్గా ఉంది. నిన్న ఇట్టా లేదు."

తేలిగ్గా ఎందుకుంటుంది? అప్పుడు వెలిగింది. ఆ ట్రెయిలర్లో మంచినీళ్ళ ట్యాంకు ముందువైపు మంచం కింద ఉంటుంది. అయిదువందల పౌండ్ల నీళ్ళు. నేను తూచినప్పుడు నిండా ఉన్నాయి. వాటిని ఒలకబోయించింది నేనే. వెనక మురుగునీళ్ళ ట్యాంకులో రాత్రి వాడిన నీళ్ళున్నాయి, కట్టెలు అట్లాగే ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరికీ చెప్పిన పాఠం సొంత చెల్లెలి దగ్గర మరిచిపోయాను.

ఆగమందామంటే రెండో దిగుడు అప్పటికే మొదలైంది. పక్కన ఆగే చోటు లేదు. ఇంతలో ఒక లారీ నన్ను దాటి ఆమెను దాటింది. దాని గాలి మొదట ట్రెయిలరును పక్కకు నెట్టింది, తర్వాత లాక్కుంది. తోక జానెడు కదిలింది. తర్వాత మూరెడు. నేను చూస్తుండగానే పక్క వరసలోకి ఊగి వచ్చింది.

"అన్నయ్యా!"

"కాలు యాక్సిలరేటరు మీంచి తియ్యి. బ్రేకు తొక్కకు. నెడ్రా, తొక్కకు. స్టీరింగు తిన్నగా పట్టుకో, దాంతో పోట్లాడకు. కుడిచేతి దగ్గర ట్రెయిలరు బ్రేకు మీట ఉందే, అది నొక్కు. మెల్లగా. ఇంకొంచెం."

వెనక చక్రాల నుంచి పొగ లేచింది. తోక ఇటు కొట్టింది, అటు కొట్టింది. ఎడమవైపు చక్రాలు నేల విడిచాయి, వాటి కింద ఖాళీ నాకు కనిపించింది. నేను దేవుణ్ణి పిలిచే రకం కాదు. అప్పుడు మాత్రం పిలిచాను. చక్రాలు కిందపడ్డాయి. ఊపు మూరెడైంది, జానెడైంది, ఆగిపోయింది.

దిగుడు చివర దారి వెడల్పైన చోట ఆగాం. లమార్ దిగి నా భుజాలు పట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే పోయేవాళ్ళం బావా. తప్పు నాది. పాడు కట్టెలు."

"నీ నెత్తిన కొట్టాలి వాటితో," అంది నెడ్రా. ఏడుస్తూనే అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బుగ్గకు ఆనించుకుంది.

ఊరుకుంటే సరిపోయేది. వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. చలికాలమంతా నిప్పు చుట్టూ కూర్చుని నన్ను పొగుడుతారు, లమార్ తలవంచుకుంటాడు. కానీ ముందు ఇంకా ఒక కొండ ఉంది, ఆ తర్వాత యూటా లోయల గాలి ఉంది. పైగా ఆ చెయ్యి ఆమె బుగ్గ మీద ఉన్నంతసేపూ నాకు సిగ్గుతో కాలిపోతున్నట్టుంది.

"కట్టెలు కాదు. నీళ్ళు. ముందు బరువు నేనే తీయించాను. రాత్రి గుర్తు రాలేదు," అన్నాను.

నెడ్రా నా చెయ్యి వదిలింది. విదిలించలేదు, నెమ్మదిగా కిందికి దించి వదిలింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"వెనక తేలిగ్గా ఉందన్నావే, అప్పుడు."

ఆమె వెళ్ళి వెనక అర తలుపు తీసింది. కట్టెలన్నీ ముగ్గురం మోసి ముందు మంచం మీద పేర్చాం. పనయ్యాక కొక్కెం దగ్గర వంగి ఎప్పటిలాగే, కొక్కెం ఊడినా ట్రెయిలరు విడిపోకుండా కట్టే గొలుసు పట్టుకుని చూశాను.

"సరిపోయింది. పోదాం," అన్నాను.

"కాస్త జరుగు అన్నయ్యా," అంది నెడ్రా. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గొలుసు ఒక్కో లంకె తనే తడిమి చూడడం మొదలుపెట్టింది.