కూతురి బదులు హాజరు

వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి. గేటు దగ్గర పాసు బీప్‌మన్న రోజే లెక్క. లెక్క తగ్గితే ఈ ఏడు జీతం పెరగదు, ఆపైన "తగిన చర్య" ఉంటుంది. టీగన్‌కు కంపెనీ నుంచి వచ్చిన ఈ ఉత్తరాన్ని, ఆమె స్నానానికి వెళ్లినప్పుడు, తల్లి రేలీన్ కూతురి ఫోనులో మూడుసార్లు చదివింది.

జీతం సంగతి ఆమెకు పట్టలేదు. "తగిన చర్య" దగ్గరే కళ్లు ఆగిపోయాయి. తగిన చర్య అంటే ఉద్యోగం ఊడటం. ఉద్యోగం ఊడితే వోయ్ వోయ్ ఊళ్లో ఈ ఇల్లు బ్యాంకువాళ్లు లాక్కోవడం. ఆ తర్వాత తల్లీకూతుళ్లిద్దరూ ఉమీనా బీచ్ పక్కన కారులో పడుకోవడం, ఆ వెనక సీట్లో రేలీన్ మోకాళ్లు ఇమడకపోవడం. బాత్రూములో నీళ్ల చప్పుడు ఆగేలోపే ఆమె అంత దూరం వెళ్లిపోయింది.

"వెళ్లొచ్చుగా తల్లీ, మూడు రోజులేగా," అంది టీగన్ గది తలుపు తోసి.

"పోను గంటన్నర రైలు, రాను గంటన్నర. ఎందుకూ? సిడ్నీలో కూర్చుని మెల్‌బోర్న్ వాళ్లతో వీడియోలో మాట్లాడ్డానికా? అది ఇక్కణ్ణుంచీ చేస్తున్నాగా."

"తీసేస్తే?"

"తియ్యరమ్మా."

"పక్కింటి బ్రెట్‌ని తియ్యలా? నాలుగు నిమిషాల్లో చెప్పేశారు. ఐదో నిమిషంలో వాడి కంప్యూటరే వాణ్ణి గుర్తుపట్టలేదు."

"నేను పనిలో ఉన్నా. తలుపేసి వెళ్లు."

టీగన్ ఈ ఇల్లు కరోనా రోజుల్లో కొంది. ఎక్కణ్ణుంచైనా పనిచేసుకోండి, చంద్రమండలం నుంచైనా మాకు పర్లేదు అని కంపెనీ గొప్పలు పోయిన రోజులవి. చంద్రమండలంలో రైలు లేదని వోయ్ వోయ్‌లో కొంది.

మంగళవారం పొద్దున్నే రేలీన్ కూతురి సంచిలోంచి పాసు తీసి, స్వెటర్ లోపల మెడకు తగిలించుకుని, బౌల్స్ అనే బంతులాట ఆడటానికి క్లబ్బుకు వెళ్తున్నానని చీటీ రాసిపెట్టి, ఆరూ నలభై రైలెక్కింది. వయసు పైబడినవాళ్ల రాయితీ కార్డు మీద రోజంతా తిరిగినా రెండున్నర డాలర్లే. గేటు దగ్గర యంత్రం మొహాలు చూడదు, బీప్‌మంది. అప్పట్నుంచి వారం వారం మంగళ, బుధ, గురువారాలు ఆమెకు ఇదే పని.

రెండో వారం గేటు దగ్గర కాపలా ఉండే సియోనే ఆపాడు. టోంగా దీవుల మనిషి, తలుపంత భుజాలు.

"ఆంటీ, ఈ ఫోటోలో పిల్లకి ముక్కుపుడక ఉంది. మీదేమయ్యింది?"

రేలీన్ పాసును మళ్లీ స్వెటర్ లోపలికి తోసింది. "పోలీసుల్ని పిలుస్తావా నాయనా?"

"పిలిచి ఏం చెప్పను? రోజూ రెండొందల మంది వస్తారు, బీప్ కొడతారు, ఊరికే వచ్చే కాఫీ తాగి తొమ్మిదిన్నరకల్లా జారుకుంటారు. సాయంత్రం ఐదింటిదాకా ఉండేది ఈ బిల్డింగులో మీరొక్కరే. మిమ్మల్ని పట్టిస్తే మాకు హాజరే ఉండదు. పైకి పదండి."

ముందే వెళ్లిపోతే యంత్రం కనిపెట్టేస్తుందని రేలీన్ భయం. అందుకే పదకొండో అంతస్తు వంటగదిలో కూర్చుని స్వెటర్ అల్లేది. ఉద్యోగుల మనశ్శాంతి కోసం వాళ్ల గోడు వినడానికి కంపెనీ ఎవరినో పెడతానని చెప్పిందట. ఆ మనిషి ఈవిడేనని అందరూ అనుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి, బిస్కెట్ తింటూ, తమ ఏడుపు ఏడ్చి వెళ్లేవాళ్లు. రేలీన్ కూడా మొహమాటం లేకుండా కూరగాయల ధర అడిగినట్టు అడిగేది.

"నీకెంతిస్తారు బాబూ?"

"ఏడాదికి లక్షా యాభై ఎనిమిది వేల డాలర్లు," అన్నాడు ఫ్లిన్ అనే కుర్రాడు. "జీతం ఎంతో చెప్పుకోవచ్చని ఇప్పుడు చట్టం కూడా ఉందిలెండి."

"ఏం పని?"

"టీగన్ చేసేదే. నాకు ఆవిడే నేర్పుతోంది, వీడియోలో."

టీగన్‌కు లక్షా ముప్పై. రేలీన్ అల్లిక రెండు వరసలు తప్పింది. "ఆ పిల్ల పాతదిగా. నీకెలా ఎక్కువ?"

"పాతది కాబట్టే. కొత్తవాళ్లకి బజారు ధర. పాతవాళ్లకి మూడు శాతం పెంపూ, పుట్టినరోజుకి కేకూ."

ఆరో వారం గురువారం, టీగన్ పై అధికారి హామిష్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వంటగదిలోకి వచ్చాడు.

"టీగన్‌ని చూశారా? లోపలే ఉందని గేటు చెబుతోంది. పది రోజులుగా వెతుకుతున్నా."

"బాత్రూముకి వెళ్లిందేమో."

"మొన్న కూడా అదే చెప్పారు." ఆనందం పట్టలేక లాప్‌టాప్ తెరిచాడు. "ఈ గ్రాఫ్ చూడండి. టీగన్ ఇంట్లో ఉన్న రోజుకన్నా, ఆఫీసుకొచ్చిన రోజు రెట్టింపు పని! సింగపూర్‌లో ఉన్న కంపెనీ పెద్దలకి పంపితే ఎగిరి గంతేశారు. జులై నుంచి అందరూ ఐదు రోజులూ రావాల్సిందే. రానివాళ్లు వెళ్లిపోవచ్చు."

రేలీన్ పై ప్రాణాలు పైనే పోయాయి. ఐదు రోజులంటే టీగన్ రాదు, తను రోజూ ఇలా నెట్టుకురావడం అయ్యే పని కాదు. కూతురి ఉద్యోగం కాపాడదామని వచ్చి, తన చేత్తోనే పీకేసింది. స్వెటర్ లోపల్నుంచి పాసు బయటికి లాగింది.

"టీగన్ ఒక్కరోజూ రాలేదు బాబూ. వచ్చింది నేను. తీసేస్తే నన్ను తియ్యండి."

హామిష్ పాసు చూశాడు, ఆమెను చూశాడు. "మీరు మనశ్శాంతికి పెట్టిన మనిషి కాదా?"

"వాళ్లమ్మని."

"నా విడాకుల గొడవంతా మీకు చెప్పానే!" అని కుర్చీలో కూలబడి, టీగన్‌కు వీడియో కాల్ చేశాడు.

తెర మీద తల్లి మొహం చూసి టీగన్ కప్పు కింద పెట్టేసింది. "అమ్మా? నువ్వక్కడేం చేస్తున్నావు?"

సంగతంతా విన్నాక హామిష్ అడిగిన ప్రశ్న ఒక్కటే. "మరి ఆ మూడు రోజులూ రెట్టింపు పని ఎలా అయ్యింది?"

టీగన్ నవ్వు మొదలెట్టి ఆపుకోలేకపోయింది. "సోమ, శుక్రవారాలు అమ్మ ఇంట్లో ఉంటుంది. ఇరవై నిమిషాలకోసారి తలుపు తీసి, ఉద్యోగం ఉందా పోయిందా అని అడుగుతుంది."

"నేనంతగా అడుగుతానా?" అంది రేలీన్ చిన్నబుచ్చుకుని.

"గ్రాఫ్ గీసి మరీ ఉందమ్మా, చూసుకో."

"సింగపూర్‌కి ఏం చెప్పను?" హామిష్ తల పట్టుకున్నాడు. "ఆఫీసు గొప్ప కాదు, వాళ్లమ్మ ఇంట్లో లేకపోవడం గొప్ప అని రాయనా?"

"గేటు యంత్రం తప్పు చూపించిందని రాయండి," అంది టీగన్. "ఐదు రోజుల మాట వెనక్కి తీసుకోండి. నేను నెలకోసారి వస్తా."

హామిష్ కొంచెంసేపు గ్రాఫ్ వంక బెంగగా చూసి, సరేనన్నాడు. నిజం చెబితే ముందు తన ఉద్యోగమే పోతుందని అతనికి అర్థమైంది.

ఇక పోయేదేమీ లేదనుకుంది రేలీన్. "ఆ ఫ్లిన్‌కి మా పిల్లకన్నా ఇరవై ఎనిమిది వేలు ఎక్కువట. నేర్పేదేమో మా పిల్లట."

తెర మీద నవ్వు ఆగిపోయింది. "ఎంతా?" అంది టీగన్.

పది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. లక్షా యాభై ఎనిమిది వేలు. టీగన్ తల్లిని పట్టుకుని వంటింట్లో గిరగిరా తిప్పింది. రేలీన్ కళ్లద్దాలు సర్దుకుని, ఉత్తరం రెండుసార్లు చదివి, కుర్చీలో కూర్చుంది.

"మళ్లీ ఏంటమ్మా?"

"మనుషుల్ని తగ్గించాలంటే ఖరీదైనవాళ్లనే ముందు తీస్తారటగా. ఇన్నాళ్లూ నువ్వు చౌక. ఇప్పుడో?"

టీగన్ ఉత్తరం తల్లి చేతిలోంచి తీసుకుని, ఎదుటి కుర్చీలో కూర్చుని, మొదటి వాక్యం నుంచి మళ్లీ చదవసాగింది.