ఖాళీ అంటే సున్నా కాదు

"సింధూ, నా బెల్టు ఏడున్నది?"

బెల్టు దయాకర్ నిలబడ్డ బీరువా తలుపుకే వేలాడుతోంది. పెళ్లయిన దగ్గర్నుంచీ అక్కడే వేలాడుతోంది. అయినా అతను తల తిప్పి చూడడు, వంటింటి వైపు తిరిగి అడుగుతాడు. లాలాగూడ రైల్వే ఆఫీసులో ఎప్పటెప్పటి ఫైళ్లో వెతికి తీసే మనిషికి ఇంట్లో మాత్రం ఒక్క వస్తువూ కనిపించదు. "తలుపుకే ఉన్నది" అంది సింధూజ, ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తూ. అంతలో హాల్లోంచి అత్తగారు ప్రమీలమ్మ, "టీవీల సౌండు వస్తలేదే, ఏం నొక్కాలె?" అని కేక. ఏ బటన్ నొక్కాలో కాగితం మీద రాసి టీవీ పక్కనే అతికించింది సింధూజ. "అదెవరు చదువుతరు, నువ్వున్నవు గదా" అంటుందావిడ. సింధూజకు ఒళ్లు మండింది. చేతులు కడుక్కుని వెళ్లి సౌండు పెట్టి వచ్చింది.

ఆఫీసులోనూ ఇదే పని తగలడం ఆమె ఖర్మ. తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీ గేటు లోపలికి నడిస్తే కంప్యూటర్ విభాగం. అక్కడ ప్రొఫెసర్ రత్నాకర్ గారి బృందం విద్యార్థుల కోసం ఒక ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. ఉచితం. ఎవరైనా నెట్‌లోంచి దించుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. అర్థం కానిచోట హెల్ప్ నొక్కితే చాలు, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీలు సింధూజవి. ఎమ్‌సీఏ చదివి ప్రోగ్రాములు రాయడానికే చేరింది ఆమె. "మీరు ఓపిగ్గ చెప్తరమ్మా, ఆడవాళ్లకు ఆ గుణముంటది" అని మొదటి నెలలోనే ఈ పని అంటగట్టారు రత్నాకర్ గారు. అప్పటికి ఆ పేజీల్లో ఏముందని. 'సగటు: సగటును ఇస్తుంది.' అంతే. తెలిసినవాడికి అక్కర్లేదు, తెలియనివాడికి పనికిరాదు. ఒక్కో పేజీకి ఉదాహరణ రాసి, అది నడుస్తుందో లేదో మిషన్ మీద చూసి, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో మళ్లీ రాసింది సింధూజ. పోయిన విడుదలలో తయారుచేసినవాళ్ల పేర్లు వేశారు. అందరూ మగవాళ్లే. అట్టడుగున 'పేజీల రాతకు సింధూజ మేడంకు, చాయ్‌కు సామేలుకు థాంక్స్' అని ఒక ముక్క. "మన పేరు పడ్డది మేడం" అని సామేలు సంబరపడ్డాడు. అతని ముందు నవ్వింది గానీ, ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదు.

ఈసారి విడుదల రేపు పొద్దున. సగటు పేజీలో ఆమె రాసిన ఉదాహరణ ఇది: వారానికి ఎన్ని గంటలు పని చేస్తారని ముగ్గురిని అడిగితే ఒకరు పది అన్నారు, ఒకరు ఇరవై అన్నారు, మూడోవారు జవాబు ఖాళీగా వదిలేశారు. సగటు పదిహేను రావాలి. మిషన్ పది అంటోంది. ఖాళీని సున్నా అనుకుని ముగ్గురికీ పంచేస్తోంది.

ఎవరో ఎక్కడో వాడే లెక్కయితే ఆమె ఇంత పట్టించుకునేది కాదేమో. ఎకనామిక్స్ విభాగం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఇంటిపని గంటల సర్వే చేశారు, ఆ లెక్క వచ్చే వారం ఇందులోనే వేస్తారు. సర్వే అమ్మాయిలు ఆదివారం సింధూజ ఇంటికీ వచ్చారు. "ఇంట్ల పని గూడ పనేనా బిడ్డా, ఏం రాస్తవు, ఇడువు" అంది ప్రమీలమ్మ. కూరగాయల సంచితో సింధూజ మెట్లెక్కుతుంటే దయాకర్ గొంతు వినపడింది. "ఆమెది ఆఫీస్ టైం రాస్కోండి, ఇంట్లది వదిలెయ్యండి." అట్లా ఒక్క ఇంట్లోంచే రెండు ఖాళీలు వెళ్లాయి. ఈ మిషన్ లెక్కన ఆ ఇంట్లో ఆడవాళ్లెవరూ పూచిక పుల్ల కూడా ఎత్తడం లేదు.

"సార్, సగటు తప్పొస్తున్నది" అంది రత్నాకర్ గారి గదికి వెళ్లి.

ఆయన తల ఎత్తలేదు. "అది నేను రాసిందమ్మా. ఇప్పుడు ముట్టుకుంటే అన్నీ మళ్ల చెక్ చెయ్యాలె. మీ పేజీల పదిహేను తీసేసి పది పెట్టుండ్రి, అయిపోతది."

"పది తప్పు గదా సార్."

"హెల్ప్ పేజీ ఎవరు చదువుతరమ్మా. జర అడ్జస్ట్ గావాలె. మీ కాంట్రాక్ట్ కాగితం గూడ వచ్చే నెల నా టేబుల్ మీదికే వస్తది గదా." నవ్వుతూనే అన్నారు.

సీటుకు వచ్చి పేజీ తెరిచింది. ఒక్క అంకె మార్చడం ఎంతసేపు? అదే ఆమెను కాల్చుకు తింటోంది. మార్చమన్నది ఎప్పుడూ చిన్నదే. కోడ్ తప్పయితే పేజీ మారాలి. దయాకర్‌కు ఆలస్యమైతే ఆమె టిఫిన్ మానాలి. అత్తగారికి కారం పడకపోతే సింధూజ నాలుక మారాలి. తప్పు ఎక్కడున్నా దిద్దుకునే చోటు మాత్రం తనే. ఉద్యోగం పోతే ఏం చేస్తానన్న భయమూ లేకపోలేదు. చేతి గాజు పైకి తోసుకుని ఆలోచిస్తూ కూర్చుంది. కోడ్‌లో ఒక అక్షరం కదిలించాలన్నా బృందమంతా చూసి ఒప్పుకోవాలి. పేజీలు ఎవరూ చూడరు గనక వాటిని విడుదలలో చేర్చే అధికారం ఆమెకే వదిలేశారు.

పదిహేనును అలాగే ఉంచింది. దాని కింద రాసింది: 'జాగ్రత్త. సరైన జవాబు పదిహేను, కానీ ఈ సగటు పది అని చూపిస్తుంది. ఖాళీ జవాబును సున్నాగా లెక్కేస్తోంది. అది తప్పు. జవాబు రాయనంత మాత్రాన ఆ మనిషి పని చేయనట్టు కాదు. ఖాళీలు తీసేసి లెక్క వేసుకోండి.' ఎలా తీసేయాలో కూడా రాసి, అడుగున తన పేరు పెట్టి పేజీని చేర్చేసింది.

విడుదలైన మర్నాడు పొద్దున, ఇడ్లీలు దించుతుండగా ఫోన్ మోగింది. రత్నాకర్ గారు.

"సగటు పేజీల గదేంది? ఎకనామిక్స్‌వాళ్లు ఫోన్ మీద ఫోన్ జేస్తున్నరు. ఎవరు రాసిన్రది?"

"అడుగున పేరున్నది సార్."

అవతల మౌస్ తిప్పుతున్న చప్పుడు వినపడింది. అంత కిందిదాకా ఆయన ఎన్నడూ చదివి ఉండరు. "ముందుగాల అది తీసెయ్యుండ్రి. కాంట్రాక్ట్ సంగతి యాదికున్నది గదా?"

"యాదికున్నది సార్. సగటు మీరు సరిచేసిన రోజు ఆ ముక్క నేనే తీసేస్త."

ఫోన్ పెట్టేసి స్టవ్ కట్టేసింది. ఒక ప్లేటులో ఇడ్లీలు పెట్టుకుని, చాలా రోజుల తర్వాత కూర్చుని తినసాగింది.

"సింధూ, నా సాక్సులు ఏడున్నయి?"

సింధూజ విన్నది. ఆ జవాబు ఖాళీగా వదిలేసి, ఇంకో ఇడ్లీ వేసుకుంది.