ఎవరి పేరూ లేని అరవై ఎకరాలు

చీర కుచ్చిళ్ళకి పట్టిన బురదని సుధామణి పెరట్లో కుళాయి కింద రుద్దుతుంటే, అత్తగారు హైమవతి గుమ్మంలో నిలబడి, "మట్టి తొక్కడానికి కూడా ఎమ్మెస్సీ చదవాలా అమ్మా?" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ ఏదైనా నవ్వుతూనే అంటుంది, అందుకే ఎదురు చెప్పడానికి వీలుండదు.

నేలల సంరక్షణలో యూనివర్సిటీకే రెండో ర్యాంకు సుధామణిది. పెళ్ళయ్యాక ఆరేళ్ళు పటమటలోని ఆ ఇంట్లో ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. రెండు వేల ఒకటిలో ఓ స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం వచ్చినప్పుడు భర్త ఉదయభాస్కర్, "వెళ్ళు, నేనేం కాదనను. ఇంట్లో పని మాత్రం ఆగకూడదు" అన్నాడు. ఆగలేదు. నాలుగింటికే లేచి రెండు పూటలకీ వండి, పిల్లని బడికి తయారుచేసి, కైకలూరు బస్సెక్కేది. ఆఫీసులో పై అధికారి రామకోటేశ్వరరావు గారు ఆమె రాసిన రిపోర్టులు పట్టుకుని మీటింగులకి వెళ్ళేవారు. ఎవరైనా వస్తే మాత్రం, "సుధామణీ, టీల సంగతి కాస్త చూడమ్మా" అనేవారు.

అయినా ఆమెకి తనదంటూ ఒక పని ఉంది, కొల్లేరు అంచున ఓ అరవై ఎకరాల చిత్తడి నేల సర్వే. చుట్టూ అంతా చేపల చెరువులైపోగా మిగిలిన ముక్క అదొక్కటే. ఊళ్ళోవాళ్ళు తరతరాలుగా అక్కడే వలలేసుకుని బతుకుతున్నా, చాలా భాగానికి ఎవరి దగ్గరా పట్టా కాగితం లేదు. నాగమల్లేశ్వరి అనే జాలరి ఆవిడ మోకాటిలోతు నీళ్ళలో ముందు నడుస్తుంటే, రెండేళ్ళపాటు సుధామణి గట్టూ గట్టూ కొలిచింది. కాగితం ఉన్న ముక్కకి పచ్చరంగు, లేనిదానికి ఎరుపు వేసి మ్యాపు గీసింది. దాన్ని ఊరుమ్మడి నేలగా కాపాడమని, కలెక్టరు గారికి ఇచ్చే రిపోర్టులో ఓ అధ్యాయం రాసింది.

"మా తాత హక్కు నీళ్ళమీద రాసుకున్నాడమ్మా. నువ్వు కాగితం మీద రాస్తన్నావు" అంది నాగమల్లేశ్వరి, ఆమె చెయ్యి పట్టుకుని.

రిపోర్టు ఇవ్వాల్సిన వారంలో, ఆఖరుసారి చూసి వద్దామని నాగమల్లేశ్వరితో కలిసి వెళ్ళేసరికి నాలుగు పొక్లెయిన్లు తవ్వుతున్నాయి. ఎర్రరంగు వేసిన ముక్కల్లోనే తవ్వుతున్నాయి. పని చేయిస్తున్న గుమాస్తా చేతిలో సుధామణి గీసిన మ్యాపు నకలు ఉంది.

"వెంకటసుబ్బారావు గారి చెరువులండీ" అన్నాడు.

వెంకటసుబ్బారావు ఆమె ఆడపడుచు భర్త.

నాగమల్లేశ్వరి ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. "ఆ రంగులు నువ్వేసినయ్యే కదమ్మా?" అంది. గొంతులో కోపం కూడా లేదు.

ఇంటికొచ్చి భర్తని అడిగింది.

"బావ చూస్తానంటే ఇచ్చాను. ఇంట్లో కాగితం ఇంట్లోవాళ్ళు చూస్తే తప్పేంటి మణీ? ఎలాగూ ఎవరిదీ కాని నేలేగా. కాస్త కాఫీ పెట్టు."

పెట్టింది. పొయ్యి ముందు నిలబడ్డాక గాని తను ఏం చేస్తోందో ఆమెకి తెలియలేదు.

మర్నాడు ఆఫీసులో సంగతంతా విని రామకోటేశ్వరరావు గారు నిట్టూర్చారు. "ఆ అధ్యాయం తీసెయ్యమ్మా. చెరువులైపోయాక చిత్తడి నేలని ఎలా రాస్తాం?"

తను చదివిన చదువు ఆమెకి ఒక్కటి మాత్రం ఖాయంగా చెప్పింది. అలా తవ్విపోసిన నేల తన జీవితకాలంలో మళ్ళీ చిత్తడిగా మారదు. రిపోర్టు వెళ్ళినా ఆ చెరువుల గట్టు ఒక్కటీ తెగదు. నాగమల్లేశ్వరి మళ్ళీ తన చెయ్యి పట్టుకోదు. అన్నీ తెలిసే ఆ అధ్యాయాన్ని తియ్యకుండా ఉంచి, చివర మూడు వాక్యాలు చేర్చి, ఎవరికీ చూపించకుండా సంతకం చేసి, కలెక్టరు గారికి రిజిస్టర్ పోస్టులో పంపింది.

"ఈ నేల తవ్వించినది నా ఆడపడుచు భర్త. మ్యాపు అందించినది నా భర్త. విచారణకి పిలిస్తే వచ్చి సాక్ష్యం చెబుతాను."