పూర్తి వేగం

మా మరిది కుళ్ళాయప్ప యుద్ధనౌకలో ఇంజను గదిలో పనిచేసేవాడు. పంతొమ్మిది వందల అరవై ఐదులో సెలవు మీద వచ్చిన ఐదు రోజులకే, అతని ఓడ వేగం గురించి వినని మేక కూడా గార్లదిన్నెలో మిగలలేదు. ముప్పై నాట్ల వేగమట, అంటే గంటకు ముప్పై ఐదు మైళ్ళు. ఆ వేగానికి నూనె ఎంత తాగుతుందని ఒకసారి అడిగాను.

"మెల్లగా పోతే పది దినాలొచ్చే నూనె, పూర్తి వేగంలో ఒక్క దినానికే తాగేస్తాది వదినా. సర్కారు నూనె కదా, మనకేం?"

ఆ "మనకేం" దగ్గరే నాకు భయం వేసి ఉండాల్సింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ ఊడలు దిగి, కాయ పట్టడానికి ఒక్క తడి కోసం ఎదురుచూస్తోంది. బావీ, నీళ్ళు తోడే ఇంజనూ మూడిళ్ళవి. ఆ రోజు మా వంతు: పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఇంజను పెట్టుకోవచ్చు. ఇంట్లో మిగిలింది ఒక్క డబ్బా క్రూడాయిలు. నిదానంగా తిప్పితే చేనంతా తడుస్తుంది. పదిహేను రోజుల దాకా అనంతపురంలో మరో చుక్క దొరకదు.

మా ఆయన ఆ డబ్బా తమ్ముడి చేతిలో పెట్టి, "ఓడనే నడిపేటోడు, వానికి ఇదొక లెక్కనా?" అని ఉరవకొండ బస్సెక్కారు. నేను పార పట్టుకుని, నీళ్ళు సాళ్ళకు మళ్ళేట్టు మడవలు తిప్పడానికి చేను కొసకు పోయాను.

నీళ్ళు పారలేదు, దూకాయి. కాలువ గట్టు రెండుచోట్ల తెగింది. "తగ్గించు!" అని అరిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినబడలేదు. గట్టు పూడ్చి పరిగెత్తేలోగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బావిలో నీళ్ళున్నాయి. డబ్బాలో నూనె లేదు. చేను మూడొంతులు ఎండిపోయే ఉంది.

"వంతు అయిపోయేలోగా ఎక్కువ నీళ్ళు తోడదామని, వేగం పెరిగేట్టు స్ప్రింగు బిగించినా వదినా."

"వేగం రెండింతలైతే నూనె ఎనిమిదింతలని నాకు కాలేజీలో నేర్పినారు. నీకు ఓడలోనే నేర్పినారు కదా! తెలిసీ ఎందుకు బిగించినావు?"

"ఆడ అట్లే అలవాటైపోయినాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం వంతు సుంకమ్మది. తన డబ్బాతో వచ్చి, ఆగిన ఇంజను చూసి, "ఏమప్పా, ఓడ గట్టుకు చేరినాదా?" అంది. ఆమె చేను కూడా ఎండుతోంది. నూనె అప్పడగడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి, చేను చూసి, "పోనీలే, మన మంచికే కదా చేసినాడు" అన్నారు.

నేను పార తీసుకుని, తడికీ ఎండకీ మధ్య చేనుకు అడ్డంగా గీత గీశాను.

"చేను మీ అన్నదమ్ములిద్దరిది. ఈ తడిసింది మాది. ఆ ఎండింది నీది."

కుళ్ళాయప్ప అటూ ఇటూ చూశాడు. "నా పక్కే ఎక్కువుండాదే వదినా?"

"మీ అన్నకు నీ మీద ప్రేమ ఎక్కువప్పా."

బావి దగ్గర నుంచి సుంకమ్మ కేక వేసింది: "ఇంజనుకే వంతు. కడవలకు వంతు యాడిదప్పా? ఎప్పుడైనా తోడుకో!"

కుళ్ళాయప్ప రెండు కడవలు తీసుకున్నాడు. మొదటిసారి పరిగెత్తుకుంటూ వచ్చాడు. సగం నీళ్ళు కాళ్ళ మీదే ఒలికాయి. రెండోసారి నడిచి వచ్చాడు. ఏ సాలుకు ముందు పొయ్యాలో గట్టు మీద కూర్చుని చూపించాను. కోపం మాత్రం తగ్గలేదు.