నాలుగు నొక్కితే ముందుకు

మిస్బాకు రెండు పనులు. ఆ రెండింటికీ వేళలు పంచింది ఏ మేనేజరో కాదు, కరెంటు. కరెంటు ఉన్నంతసేపు కంప్యూటరు ముందు కూర్చుని మొబైల్ ఫోన్లకు ఆటలు తయారు చేసేది. పోయిందంటే చాలు, కుర్చీని గాలి తగిలే గుమ్మం దగ్గరికి లాక్కుని, ఒళ్లో పరీక్ష అట్ట పెట్టుకుని పిల్లల బొమ్మల కథ రాసేది. రెండు వేల ఏడో సంవత్సరపు ఎండాకాలంలో నాగర్‌కర్నూలులో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పగల మొనగాడు లేడు గనుక, మిస్బా మరు గంటలో ఏ పని చేస్తుందో కూడా ఎవరూ చెప్పలేకపోయేవారు. ఫ్యాన్లు ఆగి వీధి వీధంతా శాపనార్థాలు పెడుతుంటే ఆ ఒక్క ఇంట్లోంచి "హమ్మయ్య" అని వినబడేది.

చుట్టాలకు ఈ రెండింటిలో ఏదీ పనిలా కనబడలేదు. పెండ్లిళ్లలో కలిసిన మేనత్తలు "ఎంసీఏ చదివి పిల్లల బొమ్మల కథలు రాసుడేంది?" అని ఒక చెవి దగ్గర, "ఫోన్లల్ల ఆటలు చేసుడు గూడ నౌకరీయేనా?" అని రెండో చెవి దగ్గర ఊదేవారు. మిస్బా నవ్వి ఇంకాస్త బిర్యానీ వడ్డించుకునేది. ఇరవై ఆరేళ్ల మనిషికి ముందు ఆకలి, తర్వాతే మేనత్తల అభిప్రాయాలు.

బొమ్మల కథ హైదరాబాదు నుంచి వచ్చే ఒక పిల్లల నెలపత్రికలో, చిట్టచివరి పేజీల్లో పడేది. రాసేది మిస్బా. బొమ్మలు వేసేది వనపర్తిలో డ్రాయింగు మాస్టరుగా ఉన్న ఇస్రాయేలు సార్. కథలో పిల్ల పేరు మైనా. లింగాలలో మేకలు కాచుకునే పిల్ల. తెల్లచెవుల మేక ఒకటి తప్పిపోయి అమ్రాబాద్ అడవిలోకి పోతే, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరింది. రెండేళ్లుగా నడుస్తూనే ఉంది. నెలకో వాగు, నెలకో గుట్ట, నెలకో ఆపద. మేకా దొరకలేదు, పిల్లా వెనక్కి రాలేదు. "మైనా ఇంటికి ఎప్పుడొస్తుంది?" అని చదివే పిల్లలు పత్రికకు కార్డులు రాసేవారు. మిస్బాకే తెలిస్తే కదా చెప్పడానికి! పిల్లను అంత దూరం తీసుకుపోవడం చేతనైంది గాని తిప్పి తీసుకురావడం చేతకాలేదు. ఆ మాట పైకి ఒప్పుకోవడం అంతకన్నా చేతకాలేదు.

ఆటల పని హైదరాబాదులో శ్రవణ్ కుమార్ అనే ఆయన నడిపే చిన్న కంపెనీ ఇచ్చేది. క్రికెట్టు, క్యారమ్స్, కార్ల పందెం, ఏది చెప్తే అది ఇంట్లో చేసి, తమ్ముడు అబ్రార్ బస్టాండు దగ్గర పెట్టుకున్న ఫోన్ల దుకాణం నుంచి నెట్‌లో పంపేది. ఆ పనుల మధ్య, ఎవరూ అడగకుండా, తన కంప్యూటరు మీద తన కోసమే ఒక ఆట చేసుకుంది. అందులో మైనా పరుగెత్తుతుంది, వాగులు దూకుతుంది, ఎలుగుబంటి వస్తే చెట్టెక్కుతుంది. ఆట చివర లింగాల వస్తుంది, ఇల్లు వస్తుంది. కథలో చేతకానిది ఆటలో సరదాకు చేసుకుంది, అంతే.

ఆ ఆటను హైదరాబాదు తీసుకుపోయి కంపెనీలో చూపించిన రోజున పరువు పోయింది. ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ ఆరో నంబరు మీట నొక్కాడు. ఆరు నొక్కితే కుడికి పోవాలి, ఏ ఆటలోనైనా ముందుకు అంటే కుడికే. మైనా మాత్రం పోయి బండకు తగిలి బోర్లా పడింది. మళ్లీ నొక్కారు, మళ్లీ పడింది. చివరికి మిస్బానే గొణిగింది. "నాలుగు నొక్కుర్రి. ఎడమకు పోవాలె."

గది గదంతా నవ్వింది. అప్పటిదాకా మిస్బాకు తెలియనే తెలియదు. అడవి పటం కాగితం మీద గీసినప్పుడు చెయ్యి దానంతట అది కుడి అంచు నుంచి మొదలుపెట్టింది. ఇంట్లో అమ్మ నూరున్నీసా ఒళ్లో కూర్చుని, కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ అలిఫ్ బే దిద్దాకనే మిస్బా బడికి పోయి అ ఆలు నేర్చుకుంది. చిన్నప్పుడు తెలుగు బొమ్మల కథలు కూడా కుడి వైపు నుంచే చదివేది. దొంగ ముందు జైల్లో ఉండేవాడు, తర్వాత పారిపోయేవాడు, తర్వాత కన్నం వేసేవాడు, ఆఖరికి ఏ పాపమూ ఎరుగనట్టు పళ్లెం ముందు కూర్చుని అన్నం తినేవాడు. మిస్బాకు ఆ కథలే నచ్చేవి. బడిలో వెంకట్రాములు సారు చెవి మెలిపెట్టి ఎడమ నుంచి చదవడం నేర్పాక కథలు కొంచెం చప్పబడ్డాయి.

"తప్పయింది సార్, మారుస్త" అంది కంపెనీలో. ముఖం మాడిపోయింది.

అయితే ఆట మాత్రం శ్రవణ్ కుమార్‌కు తెగ నచ్చింది. ఒక ఫోన్ల కంపెనీ వాళ్లకు చూపిస్తే వాళ్లకూ నచ్చింది. వారం తిరక్కుండా ఫోను చేశాడు. మిస్బా హైదరాబాదు వచ్చెయ్యాలి, పెద్ద ఉద్యోగం, ఆటలన్నింటికీ ఆమే పెద్ద. మైనా హక్కులు కంపెనీకి రాసివ్వాలి. పత్రికలో బొమ్మల కథ ఆపెయ్యాలి. ఒకే పిల్ల రెండు చోట్ల తిరిగితే కుదరదట. ఇక ఆ ఎడమ పరుగు సంగతి సరే సరి, కుడికి తిప్పెయ్యాలి. శుక్రవారం కుటుంబంతో శ్రీశైలం పోతూ నాగర్‌కర్నూలుకు వస్తానని, అప్పుడు సంతకం పెడితే చాలని అన్నాడు.

మిస్బా మర్నాడే వనపర్తి బస్సెక్కింది. ఇస్రాయేలు సార్ ఇంటి వరండాలో బొమ్మలు వేస్తున్నాడు. విషయమంతా విని కుంచె ఆపకుండానే అన్నాడు. "పో బిడ్డా. బొమ్మల కథ నిన్నెన్ని రోజులు సాకుతది? గసొంటి నౌకరీ మల్ల రాదు."

"మీరన్నా వద్దంటరనుకున్న సార్."

"వద్దననీకి నేనెవర్ని? గీతలు నాయి, పిల్ల నీది."

ఆ మాట అంటూనే పక్కనున్న కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. ఆయన నీళ్లు తేవడానికి లోపలికి పోయినప్పుడు మిస్బా దాన్ని తిప్పి చూసింది. ఆమె ఇంకా కథ పంపనే లేదు, ఆయన మాత్రం వచ్చే నెల కోసం మైనాను నాలుగు రకాలుగా నిలబెట్టి చూసుకున్నాడు. పిల్ల మోకాలికి పోయిన నెల తగిలిన దెబ్బ కూడా మరిచిపోకుండా వేశాడు. మిస్బా ఆ కాగితాన్ని మళ్లీ బోర్లా పెట్టి, నీళ్లు తాగి, చెప్పులు వేసుకుని, పోయొస్త సార్ అని వచ్చేసింది.

బస్సులో కూర్చుని తనకు తాను నచ్చజెప్పుకుంది. అందరూ అదే అంటున్నారు. ఆఖరికి కథ ఆగిపోతే నష్టపోయే మనిషి కూడా అదే అన్నాడు. ఇంకెవరి కోసం మొండితనం? శుక్రవారం పొద్దున కరెంటు ఉండగానే కూర్చుని ఆటను తిప్పేసింది. పెద్ద పనేమీ కాదు. మైనా ఇప్పుడు ఆరు నొక్కితే బుద్ధిగా కుడికి పరుగెత్తింది. పని బాగానే అయింది, మనసు మాత్రం ఏడ్చినట్టుంది. అది ఫోనులో ఎక్కించి, "జర ఆడి చూడు అమ్మీ, వేలికి తిప్పలైతుందా చెప్పు" అని నూరున్నీసా చేతికిచ్చింది.

నూరున్నీసా కొత్తిమీర తుంచే పని ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. రెండు వాగులు దూకించింది. మూడో వాగు దగ్గర ఆగిపోయింది.

"ఏందే, ఈ పోరి అటెందుకు పోతున్నది?"

"ఇంటికి పోతున్నది అమ్మీ."

"ఇల్లు ఇటు గదా!" అని ఎడమ పక్క చూపించింది నూరున్నీసా, బజారుకు దారి చెప్పినంత ధీమాగా.

"నీకెట్ల తెలుసు? నీకు తెలుగు సదువ రాదు గదా."

"తెలుగెందుకు? నాకు కండ్లు లేవా?" అంటూ లేచి లోపలికి పోయింది. తన ట్రంకు పెట్టెలోంచి పత్రికల దొంతర తెచ్చి మంచం మీద పెట్టింది. రెండేళ్లవీ ఉన్నాయి, కొత్తది పైన, పాతది అడుగున. అమ్మ ఇవి దాచుకుంటుందనే మిస్బాకు తెలియదు. నూరున్నీసా పైదాన్ని తీసి, ఉర్దూ పుస్తకం తెరిచినట్టు, వెనక అట్ట నుంచి తెరిచింది. బొమ్మల కథ ఎదురుగానే ఉంది. చివరి గడి మీద వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు జరుపుతూ పోయింది.

"ఇగో, ఇక్కడ అడివిల ఒక్కతే ఉన్నది. గుట్ట దిగింది. వాగు దాటింది." మొదటి గడి దాకా వచ్చాక కింది పత్రిక తీసింది. దాన్నీ వెనక నుంచే తెరిచింది. అట్లా ఒక్కొక్కటీ తిప్పుకుంటూ అన్నింటికన్నా అడుగున ఉన్న పత్రికలో మొదటి గడికి వచ్చింది. అందులో మైనా లింగాలలో ఇంటి ముందు నిలబడి ఉంది. మేకలన్నీ ఉన్నాయి, తెల్లచెవులది కూడా.

"ఇగ జూడు. ఇల్లు జేరింది. మేక గూడ దొరికింది."

మిస్బా రెండేళ్లుగా ఇంటి నుంచి దూరంగా నడిపిస్తున్న పిల్లను, ఇదే మంచం మీద కూర్చుని అమ్మ ఇంటికి తీసుకొస్తూ ఉంది.

"ప్రతి నెల ఇంకింత దూరంకెళ్లి రావలసొస్తున్నది దానికి" అంది నూరున్నీసా, పత్రికలు సర్దుతూ. "నాకు పరేషానే అయితది. అయినా వస్తది. నువ్వు బొంబాయి పొమ్మను దాన్ని, నేను తోల్కొస్త."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిస్బా కథ అట్ట అందుకోలేదు. కంప్యూటరు ముందే కూర్చుంది, చెమటలు కారుతున్నా కదల్లేదు. జీవితంలో మొదటిసారి ఆమె కూడా కరెంటును వీధి వాళ్లతో సమానంగా తిట్టింది. అది తిరిగి రాగానే ఆటను మళ్లీ ఎడమకు తిప్పింది. తప్పు అని తానే ఒప్పుకున్నదాన్ని తానే వెనక్కి తెచ్చుకుంది. ఎవరు నవ్వుతారో నవ్వనీ అనుకుంది.

శ్రవణ్ కుమార్ మధ్యాహ్నం వచ్చాడు. భార్యాపిల్లలు కారులో ఏసీ వేసుకుని కూర్చున్నారు. ఆయన చాయ్ తాగి, బాగుందని మెచ్చుకుని, కాగితాలు బల్ల మీద పెట్టి పెన్ను మూత తీసి ఇచ్చాడు. మిస్బా పెన్ను తీసుకుని మూత పెట్టి తిరిగి ఇచ్చింది.

"ఆట ఇస్త సార్. పిల్లను ఇయ్య. కథ ఆపను. నడక గూడ ఎడమకే ఉంటది."

"మిస్బా గారూ, ఆ రోజు తప్పని మీరే అన్నారు కదా?"

"ఆ రోజు తెల్వక అన్న."

"రెండూ పెట్టుకుంటే రెండూ సగం సగమే అవుతాయండీ. మీ మంచికే చెప్తున్నా."

"రెండేండ్ల సంది రెండూ చేస్తున్న. ఏది సగమైందో చూపెట్టుర్రి, ఇప్పుడే ఆపేస్త."

శ్రవణ్ కుమార్ చూపించలేకపోయాడు. అందుకని గొంతు పెంచాడు. "ఎడమకు పరుగెత్తే ఆట ఎవడు ఆడతాడండీ?"

"మా అమ్మ ఆడుతది" అంది మిస్బా. "కథల మైనా ఇల్లిడిచి పోతది సార్, అందుకే కుడికి పోతది. ఆటల ఇంటికొస్తది, అందుకే ఎడమకు. పోయేది లేకుంట వచ్చేది ఎట్లుంటది? ఒకటి కొని ఒకటి ఆపుమంటే ఎట్లయితది?"

"అయితే ఈ ఆట మాకు అక్కర్లేదు."

"సరే సార్."

సరే అనేసింది, కారు మలుపు తిరిగేసింది. అంత పెద్ద ఉద్యోగం కారెక్కి శ్రీశైలం పోయింది. మిస్బా గుమ్మంలో నిలబడి కారు లేపిన దుమ్మునే చూసింది. నూరున్నీసా చాయ్ గ్లాసు కడిగి బోర్లించింది. మిస్బాకు భయం ఉంది, బాధ ఉంది, పశ్చాత్తాపం మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

సాయంత్రం అబ్రార్ దుకాణానికి పోయి ఆటను వాడి కంప్యూటరులో పెట్టింది. పాటలు ఎక్కించమని మెమరీ కార్డు ఇచ్చిన ప్రతివాడికీ పాటలతో పాటు మైనాను కూడా ఎక్కించమంది. "ఊరికెనేనా అక్కా?" అని వాడు నోరు తెరిచాడు. ఊరికే, అంది. ఆట చివర లింగాల ఇంటి ముందు మైనాను వాళ్లమ్మ చీపురు తీసుకుని తిట్టే చోట ఒక్క వాక్యం చేర్చింది: మైనా ఇల్లు విడిచి ఎందుకు పోయిందో బొమ్మల కథలో చూడండి.

బస్టాండు దుకాణం గనుక మైనా బస్సులెక్కింది. తిమ్మాజిపేట పోయింది, కల్వకుర్తి పోయింది, అచ్చంపేట పోయింది. ఫోను నుంచి ఫోనుకు బ్లూటూత్‌లో పాకింది. మొదట అందరూ ఆరు నొక్కి బండకు కొట్టుకున్నారు. తర్వాత వేలు నేర్చుకుంది. వనపర్తి నుంచి ఇస్రాయేలు సార్ ఫోను చేసి, బడిలో పిల్లలు బల్లల కింద ఫోన్లు పెట్టుకుని ఆడుతున్నారని, డ్రాయింగు సారు అయ్యుండి వాళ్లను కొట్టలేక చస్తున్నానని నవ్వాడు. నవ్వి, "వచ్చే నెల కథేది బిడ్డా?" అని గదమాయించాడు.

రెండు నెలలకు శ్రవణ్ కుమార్ ఫోను వచ్చింది. మిస్బా కంప్యూటరు ముందు కూర్చుని ఆటలో కొత్త వాగు ఒకటి కడుతోంది.

"మా డ్రైవరు ఫోన్లో మీ ఆట ఉందండీ. శ్రీశైలం దారిలో టీ కొట్టు దగ్గర ఎవరో ఎక్కించారట. ఎడమకే పరుగెత్తిస్తున్నాడు, నేను కుడి అంటే నన్నే తప్పంటాడు!" అన్నాడు. గొంతులో వెనకటి పొగరు లేదు. "సరే, ఎడమకే ఉంచుదాం. మీరు రండి. మైనా పేరు కూడా మీ దగ్గరే ఉంచుకోండి. ఆ పత్రిక ఒక్కటి మానేస్తే..."

"సార్, కరెంటు పోయింది" అంది మిస్బా. "నాకు కథ రాసే టైమైంది." ఫోను పెట్టేసింది.

నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. మిస్బా లేచి, స్విచ్చు తానే నొక్కి కంప్యూటరు ఆర్పి, అట్ట తీసుకుని, కుర్చీని గుమ్మం దగ్గరికి లాక్కుంది.